ఎడమ వైపు మూత

ఆ వానాకాలం మా ఇంట్లో ఏదీ ఆరలేదు. బట్టలు ఆరలేదు, గోడలు ఆరలేదు, మామయ్య విమానాల మీద రంగు ఆరలేదు. కుర్చీల మీద తువ్వాళ్ళు ఆరేసి, కూర్చోడానికి చోటు లేక నిలబడే టీ తాగేవాళ్ళం. మా ఆయన గూడ్సు బండి నడుపుతాడు కనక వారంలో సగం రోజులు ఆ తడి కొంప బాధ తప్పించుకునేవాడు. మిగిలింది మేం ముగ్గురం: అత్తయ్య, మామయ్య, నేను.

విమానాలంటే నిజమైనవి కావు లెండి, ప్లాస్టిక్‌వి. పాతకాలపు కిట్లు. అట్టపెట్టెలో చట్రాలకి అంటుకుని చిన్న చిన్న ముక్కలుంటాయి. ఒక్కొక్కటే కోసి, అంచులు అరగదీసి, జిగురుతో అతికించి రంగు వేస్తే జానెడు విమానం తయారవుతుంది. మామయ్య ఉద్యోగమంతా వైమానిక దళంలో మెకానిక్కుగా గడిచింది, అదీ జెట్లు కొత్తగా వచ్చిన రోజుల్లో. ముందు పంకా లేకుండా ఇదెలా ఎగురుతుందని జనం నోరెళ్ళబెట్టి చూసిన కాలమది. ఆయన కట్టేవి కూడా ఆ తొలి జెట్లే. తర్వాత వచ్చినవాటిని ఆయన విమానాల కిందే లెక్కపెట్టరు. "అవి కంప్యూటర్లమ్మాయ్, వాటికి రెక్కలు తగిలించారంతే," అంటారు.

ఆ ఉద్యోగం ఆయన్ని వదిలినా ఆయన దాన్ని వదల్లేదు. మా ఇంట్లో గ్యాసు కట్టేసినవాళ్ళు "కట్టాను" అనాలి. ఇంకొకరు వెళ్ళి చూసి, "చూశాను" అని పైకి అనాలి. వీధి తలుపు తాళానికీ అదే చట్టం. "బిగించేవాడొకడు, చూసేవాడొకడు. చూసినవాడు నోరు విప్పి చెప్పాలి. విమానాల దగ్గర అంతే," అనేవారు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నవ్వొచ్చేది. తర్వాత నాకూ అలవాటైపోయి, పుట్టింటికెళ్ళినా పొయ్యి దగ్గర నిలబడి "చూశాను" అని అరిచేదాన్ని. మా అమ్మ నాకేదో అయిందనుకుంది.

నా పని కూడా మామయ్య పనికి దగ్గర చుట్టమే. ముందు గదిలో బల్ల వేసుకుని కట్టుడు పళ్ళు తయారుచేస్తాను. దంతవైద్యులు అచ్చులు పంపిస్తారు. నేను మైనంలో పళ్ళు కూర్చి, అరగదీసి, మెరుగు పెట్టి పంపిస్తాను. పెట్టుకున్న మనిషి నవ్వితే అవి కట్టుడు పళ్ళని ఎదుటివాళ్ళకి తెలియకూడదు. లోపం కంటపడితే నా చెయ్యి ఊరుకోదు. ఆ ఊరుకోని చెయ్యే ఆ ఏడాది మా కొంప ముంచింది.

మొదలైంది ఒక తోక దగ్గర. ఈ తొలి జెట్లతో కిట్లు కట్టేవాళ్ళకి ఒక చిక్కుంది. ముందు చక్రం ముక్కు కింద ఉంటుంది, బరువంతా వెనక ఉంటుంది. అందుకని పొట్ట రెండు చెక్కలూ అతికించే ముందే ముక్కులో సీసపు గుళ్ళు కూరాలి. మర్చిపోయారో, రంగులన్నీ వేసి ముచ్చటగా బల్ల మీద పెట్టేసరికి ముక్కు పైకెత్తి తోక మీద చతికిలబడుతుంది. ఒకసారి చేసినవాళ్ళు మళ్ళీ చెయ్యని పొరపాటట అది. ఆ రోజు మామయ్య విమానం అతికించి, రేపు చక్రాలమీద నిలబెడదామని కునుకు తీయడానికి వెళ్ళారు. గుళ్ళు మాత్రం బల్ల మీద గిన్నెలోనే ఉన్నాయి.

ముందు చూసింది అత్తయ్య.

"ఇవి లోపల ఉండాల్సినవి కాదుటే?" అంది గొంతు తగ్గించి.

"మర్చిపోయినట్టున్నారు."

"రేపది తోక మీద కూలబడితే ఈయనతో వేగడం నా వల్ల కాదు. ఇప్పటికే చెయ్యి వణుకుతోందని, కళ్ళకి పొరలొచ్చాయని కుమిలిపోతున్నారు. ఇంక బుర్ర కూడా పోయిందనుకుంటారు. నీ దగ్గర అన్ని రకాల కత్తులూ ఉన్నాయిగా, నువ్వే కాస్త..."

"చెప్పకుండానా అత్తయ్యా?"

"చెప్పి చేస్తే ఇంకేం లాభం?"

ముక్కు కింద అతుకు సన్నకత్తితో విడదీశాను. గుళ్ళు కూరి, కదలకుండా మైనం పోసి, మళ్ళీ అతికించి, పైన రంగు అద్దాను. మర్నాడు మామయ్య చక్రాలు పెట్టి బల్ల మీద నిలబెడితే విమానం బుద్ధిగా నిలబడింది.

"చూశావా అమ్మాయ్! చెయ్యి వణికితే వణికింది గానీ లెక్క తప్పలేదు," అన్నారు.

అత్తయ్య నవ్వాపుకుంటూ వంటింట్లోకి తప్పుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

తర్వాత ఇక అడ్డేముంది? ఆయన పడుకోవడమే తరువాయి, వంకర రెక్క సరిచేసేదాన్ని. జిగురు మరకలు గీకేదాన్ని. పైలట్ మీది గాజు బుడగకి వేలిముద్ర అంటుకుంటే పళ్ళకి వాడే పాలిషుతో మాయం చేసేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియడం లేదనుకున్నాను. జాలితోనే చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఇంటికొచ్చినవాళ్ళు విమానాల అలమర ముందు ఆగి "ఈ వయసులో ఎంత పనితనమండీ!" అన్నప్పుడు మామయ్య కంటే నాకే ఎక్కువ పొంగేది. అది జాలి కాదు.

వానలు ముదిరాక ఒక ఉదయం మామయ్యకి పాత స్నేహితుడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మాట్లాడటం అయ్యాక ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని తడి తువ్వాలు ఉన్న కుర్చీలోనే కూర్చుండిపోయారు.

"మా సారు పోయారు," అన్నారు.

సారంటే, మామయ్య చూసుకున్న జెట్టుని నడిపిన పైలట్. ఆయన కథ మా అందరికీ కంఠతా వచ్చు. ఒక రోజు విమానం నేల విడుస్తుండగా ముక్కు పక్కన తుపాకుల గది మూత గాలికి తెరుచుకుంది. సారు విమానాన్ని రన్‌వే అవతల బీడులో దించేశారు. ప్రాణం దక్కింది గానీ ఒక కాలు పోయింది. మళ్ళీ ఎగరలేదు. విచారణ జరిగింది, మూత గడియ అరిగిపోయిందని తేల్చారు. మామయ్య ఎప్పుడు చెప్పినా అక్కడికొచ్చి ఆగేవారు. "గడియ అరిగిందన్నారు," అనేసి, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

ఆ పూట కళ్ళజోడు తుడుచుకోలేదు. "అమ్మాయ్, బీరువా మీద పెట్టె దింపు," అన్నారు.

ఆ పెట్టె నేనీ ఇంటికి రాకముందు నుంచీ ఉంది. సారు నడిపిన జెట్టు కిట్టే. మూసేస్తున్న ఒక బొమ్మల దుకాణంలో దొరికిందట. తెచ్చిన రోజు నుంచీ విప్పలేదు. ఏటా దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేవారు. అత్తయ్య ఎత్తిపొడిచినప్పుడల్లా "దానికింకా టైము రాలేదు" అనేవారు.

నేను పెట్టె దింపేలోపు ఆయన సారు భార్యకి ఫోను చేశారు.

"అమ్మగారూ, నేనమ్మా... ఆ, నేనే. ఇప్పుడే తెలిసింది... మీకొకటి ఇవ్వాలమ్మా. లేదు లేదు, పోస్టులో పంపేది కాదు. చేతికే ఇవ్వాలి."

ఆవిడ ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోందట. రైలు మా ఊరి మీదుగానే వెళ్తుంది. వానలు తెరిపిచ్చాక బయల్దేరతానని, దారిలో దిగి వస్తానని చెప్పింది.

మామయ్య ఫోను పెట్టేసి పెట్టె మీద చెయ్యి వేశారు. "ఆవిడకో మాట చెప్పాలమ్మాయ్. వట్టి చేతులతో చెప్పలేను. ఇది చేతిలో ఉంటే చెప్పగలను."

ఓదార్పు మాటేదో అయి ఉంటుందనుకున్నాను. అంతకుమించి అడగలేదు.

పాత ప్లాస్టిక్కు కదా, ముట్టుకుంటే పుటుక్కుమనేది. రెక్కల మీద అంటించే గుర్తుల కాగితం పసుపుపచ్చగా మారిపోయింది. దాన్ని కిటికీ అద్దానికి అతికించి ఎండ తగలనిస్తే తెల్లబడుతుందట. ఎండేది? మామయ్య రోజూ కిటికీ దగ్గర నిలబడి మబ్బుల్ని తిట్టేవారు. అత్తయ్య, "ఆ మబ్బుల్లో తిరిగినన్నాళ్ళూ జీతం తీసుకుని, ఇప్పుడు తిడితే ఎలా?" అనేది. "తిరిగింది సారు. నేను కిందే ఉన్నాను," అనేవారాయన.

ఈసారి ఆయన నన్ను బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఒక్కో ముక్కా కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని అతికించారు. నేను మాత్రం మానలేదు. ఆయన గురక వినిపించగానే వెళ్ళి, అతుకులు సరిచేసి వచ్చేదాన్ని. ముక్కులో బరువు మాత్రం ఆయనే పెట్టారు. ఊపి చూశాను, కదల్లేదు.

చివరికి మిగిలింది ఎడమ వైపు మూత. ఆ కిట్టులో తుపాకుల గది మూత విడిగా ఇస్తారు, కావాలంటే తెరిచి పెట్టుకోవచ్చు, లేదంటే మూసెయ్యొచ్చు. గోరంత ముక్క. మామయ్య ఒక ఉదయమంతా దాని మీదే కూర్చున్నారు. గదిలోంచి దగ్గు కూడా వినిపించలేదు. అత్తయ్య టీ తీసుకెళ్తే చేత్తోనే వద్దన్నారు. భోజనాల వేళకి బయటికొచ్చినప్పుడు ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది.

"అయిందమ్మాయ్," అన్నారు. "రేపు రంగు వేసేద్దాం."

ఆయన పడుకున్నాక వెళ్ళి చూశాను. మూత సరిగ్గా కూర్చోలేదు. వెనక అంచు గూటిలోనే ఉంది, ముందు అంచు అగ్గిపుల్ల మందాన పైకి లేచి ఉంది. పూర్తిగా తెరిచినట్టూ లేదు, మూసినట్టూ లేదు. కింద సన్నటి ప్లాస్టిక్ పుల్లముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. ఆయన చేతిలోంచి జారిపడి ఉంటుందనుకున్నాను. ఒక పూటంతా చెమటోడ్చి ఇంతేనా చెయ్యగలిగారు అనిపించింది.

పట్టకారుతో ఆ పుల్ల లాగేశాను. మూతని గూట్లోకి నొక్కి, చుక్క జిగురు వేసి ఆరేదాకా వేలితో పట్టుకున్నాను. సందులో లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్దేశాను. మూత ఉన్న జాడ కూడా లేకుండా పోయింది. నా బల్ల మీద అంత బాగా కుదిరిన పని ఆ ఏడాది ఇంకొకటి లేదు. మర్నాడు మామయ్యకి కళ్ళు మరీ మసకగా ఉంటే, "వెండి రంగు నేను కొడతాను మామయ్యా, మీరు చెప్పండి చాలు," అన్నాను. ఒప్పుకున్నారు. ఆ పసుపుపచ్చ గుర్తులు మాత్రం ఆయనే అంటించారు, రెక్కల మీద బొమ్మలు, తోక మీద సారు విమానం నంబరు.

తర్వాత దాన్ని బోర్లించిన గాజు గిన్నె కింద పెట్టారు. "తడి గాలికి రంగు పాలిపోతుంది. ఆవిడ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి," అన్నారు. చెప్పిన మాటకి ముందు ఆయనే కట్టుబడ్డారు. రోజూ గాజుకి ఇవతల కూర్చుని చూసుకునేవారు. ఆ కళ్ళకి వెండి రంగు మెరుపు తప్ప ఇంకేం కనపడేదో నాకు తెలియదు.

వాన తెరిపిచ్చిన రోజు ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, నిటారుగా నడుస్తోంది. చేతిలో గొడుగు, చిన్న సంచీ. ఆటోని బయట ఆగమని చెప్పి లోపలికొచ్చింది. కుర్చీల మీద తువ్వాళ్ళు అంతకుముందే తీసేశాం. అత్తయ్య టీ ఇచ్చింది. సారు ఆఖరి రోజుల గురించి ఆవిడ నాలుగు మాటలు చెప్పింది, మామయ్య తల వంచుకుని విన్నారు. తర్వాత లేచి గాజు గిన్నె ఎత్తారు. ఆ క్షణంలో ఆయన చేతులు వణకలేదు. నాకు బాగా గుర్తు.

"అమ్మగారూ, ఇది సారు విమానం."

ఆవిడ కప్పు పక్కన పెట్టేసింది. "అదే నంబరు," అంది తోక చూసి.

"అదేనమ్మా. ఆ రోజుదే. ఆ పొద్దున ఎలా ఉందో అలాగే కట్టాను." మామయ్య విమానాన్ని చేతుల్లోకి తీసుకుని ఆవిడ ముందుకి చాపారు. "మీరిక్కడ వేలు పెట్టి చూడాలి. ముక్కు పక్కన. ఎడమ వైపు."

ఆవిడ వేలు పెట్టి మెల్లగా నిమిరింది. "ఎంత నున్నగా ఉందండీ!" అంది.

మామయ్య ముఖంలో ఏమీ మారలేదు. తన వేలు కూడా అక్కడ పెట్టారు. పెట్టి, ముందుకీ వెనక్కీ జరిపారు. కొంచెం పైకి, కొంచెం కిందికి. చీకట్లో స్విచ్చి వెతుక్కునే మనిషిలా ఆ వేలు అక్కడక్కడే తిరిగింది.

"నున్నగానే ఉంది," అన్నారు చివరికి.

ఆ పుల్లముక్క జారిపడింది కాదు. ఆయన పెట్టింది. ఒక ఉదయమంతా ఊపిరి బిగబట్టి, వణికే చేత్తో, అగ్గిపుల్ల మందాన ఆ మూతని లేపి పెట్టుకున్నారు. చెప్పాల్సిన మాట అక్కడుంది. దాన్ని నేను లప్పం పెట్టి పూడ్చేశాను.

"మీ పనిలో లోపమనేది ఉండదనేవారు ఆయన," అంటోంది ఆవిడ. "చివరిదాకా అదే మాట."

"అవునమ్మా," అన్నారు మామయ్య. అంతే. చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి. విమానం బల్ల మీద పెట్టేసి కూర్చున్నారు.

"మా ఇంట్లో చెయ్యి తిరిగిన మనిషంటే ఆయనేనండీ," అని అత్తయ్య మురిసిపోయింది. ఆవిడ గడియారం చూసుకుంది. ఆటో వాడు హారన్ కొట్టాడు. అత్తయ్య అట్టపెట్టె కోసం లేచింది. మామయ్య నేల చూస్తూ కూర్చున్నారు. ఇంకో రెండు నిమిషాలైతే ఆవిడ వెళ్ళిపోతుంది. ఆ మాట ఈ మనిషిలోనే ఉండిపోయి, ఈ మనిషితోనే పోతుంది. అప్పుడు ఆ గడియ అరిగిందనే మాటకి నేను కూడా సంతకం పెట్టినట్టే.

"ఒక్క నిమిషం అండీ," అన్నాను.

నా బల్ల మీంచి మైనం చెక్కే కత్తి తెచ్చాను. విమానం తీసుకుని, మూత అంచు ఎక్కడుండాలో నాకు తెలుసు కనక, వెండి రంగు మీద గీత పెట్టి నొక్కాను.

"అయ్యో, అయ్యో! ఏమైందే నీకు?" అని అత్తయ్య అరిచింది.

రంగు పెచ్చులుగా లేచింది. లప్పం పొడి నా ఒళ్ళో రాలింది. పాత ప్లాస్టిక్కు కదా, మూత ముందు అంచు కొంచెం విరిగింది కూడా. మిగతాది పైకి లేచి నిలబడింది. విమానాన్ని తీసుకెళ్ళి మామయ్య అరచేతిలో పెట్టాను.

"నేనే మూసేశాను మామయ్యా. తప్పు కుదిరిందనుకున్నాను. మీరు పెట్టినట్టు రాలేదు, కానీ తెరుచుకుంది."

ఆయన నావైపు చూడలేదు. బొటనవేలితో ఆ విరిగిన అంచు తడిమి చూసుకున్నారు. తర్వాత ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మగారూ, గడియ అరగలేదు. మూత మూసి అరచేత్తో నొక్కితే మూసుకున్నట్టే కనపడుతుంది. తర్వాత స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పాలి. నేను నొక్కాను. తిప్పేలోపు ఎవరో పిలిచారు, వెళ్ళాను. తిరిగొచ్చి తిప్పేశాననే అనుకున్నాను. ఆ రోజు చూసేవాడు సెలవు. బిగించానని నేనే అన్నాను, చూశానని కూడా నేనే అన్నాను. విచారణలో గడియ అరిగిందని వాళ్ళే తేల్చారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఊరుకున్నాను."

అత్తయ్య అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అన్నేళ్ళ కాపురంలో ఆమె కూడా అదే మొదటిసారి వినడం.

ఆటో వాడు మళ్ళీ హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.

"ఎక్కేముందు పైలట్ కూడా చుట్టూ తిరిగి చూడాలట కదా," అందావిడ. "ప్రతి మూతా చేత్తో లాగి చూడాలట."

"చూడాలమ్మా."

"ఆయన ఆ రోజు లాగి చూడలేదట. మీరు బిగించారు కదా అని వదిలేశారట. తప్పు తనదేననుకున్నారు. ఇంట్లో రోజూ ప్రతి తలుపూ, ప్రతి కిటికీ, గ్యాసు, పంపు, కర్ర పొడుచుకుంటూ లేచి వెళ్ళి లాగి చూసేవారు. వచ్చి పడుకుని మళ్ళీ లేచేవారు. పిల్లలు వెక్కిరించేవాళ్ళు. నేనూ విసుక్కునేదాన్ని." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "మీరు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మనిషి హాయిగా పడుకునేవాడు."

మామయ్య రెండు చేతులూ జోడించారు. ఆ చేతుల మధ్య విమానం ఉండడంతో అవి సరిగ్గా కలవలేదు.

ఆవిడ లేచి, ఆయన చేతుల్లోంచి విమానం తీసుకుంది. కిటికీ వెలుగులో పెట్టి ఎడమ వైపు చూసింది. "తీసుకెళ్తాను," అంది. "క్షమించానని కాదు. ఇది ఆయన ఫోటో దగ్గర ఉండాలి." తర్వాత నావైపు తిరిగింది. "చుట్టి ఇవ్వమ్మా. ఆ మూత మూసుకుపోకుండా చూడు."

మూత చుట్టూ దూది పెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి ఇచ్చాను. ఆవిడ ఆటో ఎక్కేదాకా మామయ్య గుమ్మంలో నిలబడ్డారు. ఆటో మలుపు తిరిగాక కూడా అక్కడే ఉన్నారు.

ఆ సాయంత్రం అత్తయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. నేను అచ్చుల ముందు కూర్చున్నాను గానీ చేతికి పని సాగలేదు. మామయ్య వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"ఇదివరకటివి కూడా నువ్వేనా?"

"నేనే మామయ్యా."

"ముక్కు బరువు?"

"అది కూడా."

ఆయన అలమర వైపు చూశారు. అక్కడున్నవన్నీ మూడు చక్రాల మీద బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"అవి మీ అత్తయ్యకి బాగా నచ్చాయి. నాకూ నచ్చాయి," అన్నారు. తర్వాత, "చెప్పాల్సిందమ్మాయ్," అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది. నన్ను అన్నారో, తనని తాను అనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. "క్షమించండి మామయ్యా," అన్నాను. ఆయన తలాడించి లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత చాలా రోజులు ఆయన జిగురు సీసా మూత తియ్యలేదు. నేను ఆ గది వైపు వెళ్ళాల్సి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్ళేదాన్ని. సారు గురించి తలుచుకునేదాన్ని, కర్ర పొడుచుకుంటూ తలుపులు లాగి చూసే మనిషిని. ఆయన కునుకు పోగొట్టిన పాపం మామయ్యదే. కానీ దాన్ని ఇంకొంచెంలో శాశ్వతంగా పూడ్చెయ్యబోయిన చెయ్యి నాది.

వానలు పూర్తిగా తగ్గిపోయాయి. బట్టలు ఆరాయి. ఒక మధ్యాహ్నం ఆయన గదిలోంచి గరుకు కాగితం చప్పుడు వినిపించింది. తర్వాత పిలుపు.

"అమ్మాయ్, ఇలా రా. రెక్కలు అతికించాను."

వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన చిన్న విమానమొకటి రెండు చేతుల్లో ఎత్తి పట్టుకున్నారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. చేతులు వణుకుతున్నాయి, దాంతోపాటు విమానం కూడా.

"అతికించాను," అన్నారు మళ్ళీ, నేనేదో అనాల్సింది మర్చిపోయినట్టు.

వంటింట్లో అత్తయ్య గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను దగ్గరికెళ్ళి, వంగి, ఒక కన్ను మూసి అటునుంచీ ఇటునుంచీ చూశాను.

"చూశాను మామయ్యా," అన్నాను, వంటింట్లోకి కూడా వినపడేలా. "ఎడమ రెక్క కిందికి ఉంది."